పలకని కాయ

ఆ ఎండాకాలం మా ఇంట్లో 'మూగకాయ' అన్న మాట వినపడలేదు. నేనది గమనించేసరికి సగం ఎండలు గడిచిపోయాయి.

అంతకుముందు రోజుకి వందసార్లు వినే మాట అది. మాది గిలక్కాయలు కట్టే ఇల్లు. చెట్ల కింద ఎండిన కాయలు ఏరుకొచ్చి, ముందుగది దూలానికి కట్టలుగా వేలాడదీసి, ఒక్కో కాయనీ చెవి దగ్గర ఆడించి చూసి, మోగేవాటిని పలుచటి గుడ్డలో కుట్టి బెత్తపు పిడికి బిగించేవాళ్ళం. లోపల గింజ ఊడి కదిలితే అది పలుకుడుకాయ. తొక్కకి కరుచుకుపోయి, ఎంత ఆడించినా ఉలకకపోతే మూగకాయ. "మూగకాయ, పొయ్యిలోకి" అంటూ అమ్మ తల తిప్పకుండానే వెనక్కి విసిరేది. వెనకాల బుట్ట ఉండేది. ఎప్పుడూ గురి తప్పేది కాదు.

ఆ ఏడు మాత్రం మోగని కాయ చేతికొస్తే అమ్మ దాన్ని కాసేపు పట్టుకుని, "ఇది ఇంకా పచ్చిగా ఉంది" అని పక్కన పెట్టేది. విసరడం మానేసింది.

ఇంట్లో మేం నలుగురం పెద్దవాళ్ళం. అమ్మ, నేను, బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే తమ్ముడు, వాడి భార్య. వాళ్ళ పిల్లాడికి ఎనిమిదో నెల. వాడిని అందరం బుడ్డోడనే వాళ్ళం. అసలు పేరుతో పిలిచింది టీకాల చీటీ ఒక్కటే.

అమ్మని వీధిలో గిలకలవ్వ అంటారు. పిల్లని చూడకుండా ఆవిడ గిలక ఇచ్చేది కాదు. తల్లి ఒళ్ళో పిల్లని కూర్చోబెట్టించి, తను వెనక నిలబడి మూడు కాయలు ఊపేది. బఠాణీ గింజంత చప్పుడు చేసే చిన్న గిలిగిచ్చకాయ, కాగితం నలిపినట్టు మోగే దిరిసెన కాయ, ముక్కగా కోసి రెండు చివర్లూ మైనంతో మూసిన తురాయికాయ. పిల్ల దేనికి గభాలున తల తిప్పితే అది ఆ పిల్ల కాయ. "వీడికి దిరిసెన. రేపు పెళ్ళాం గొణిగినా వినపడుతుంది, జాగ్రత్త" అనేది. ఆఖరున పిడి లోపల, బట్టలకి అంటుకునే ముళ్ళకాయ ఒకటి కుక్కి మూసేది. అంటుకాయ అనేవాళ్ళం దాన్ని. పిల్లకి అంటబోయే దిష్టి దానికి అంటుకుని అక్కడే ఉండిపోవాలని. అవి ఏరడానికి వెళ్ళాల్సిన పని కూడా లేదు. కాయల కోసం పొదల్లో తిరిగొస్తే బట్టల అంచులకి వాటంతటవే వచ్చేవి.

బుడ్డోడికి మూడో నెలలోనే అమ్మ చెప్పేసింది, "వీడిది తురాయి. వాళ్ళ తాతలాగా మొండిఘటం, పెద్ద చప్పుడుకి గాని కదలడు" అని. వాడి ఊయల కూడా ఆ దూలానికే కట్టాం. ఎవరు కట్ట దించినా, ఎక్కించినా పైన కాయలన్నీ గలగలమనేవి. వాడు తల తిప్పి, బోసినోటితో నవ్వేవాడు. "గిలకలవ్వ మనవడనిపించుకున్నాడు" అని వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

ఎండలు ముదరగానే కట్టలన్నీ పెరట్లోకి మార్చడం మా ఇంటి పద్ధతి. పదిరోజులు నేరుగా ఎండ తగిలితే గింజ ఊడి, కాయ పలుకుతుంది. ఆ ఏడు కూడా ఒక పొద్దున నేనూ మరదలూ కట్టలన్నీ మోసి తీగల మీద వేశాం. ఆఖరి కట్ట కోసం నేను మళ్ళీ లోపలికి వచ్చేసరికి ముందుగది బోసిగా, కొత్త ఇల్లులా ఉంది. అమ్మ ఊయల వెనక నిలబడి ఉంది. చేతిలో తురాయి గిలక. ఒకసారి ఎడమవైపు ఊపింది. ఒకసారి కుడివైపు. తర్వాత గట్టిగా, గది మారుమోగేలా. బుడ్డోడు తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే పనిలో ఉన్నాడు.

అమ్మ గిలక కింద పెట్టింది. ఊయల తాడుని రెండు వేళ్ళతో, చప్పుడు కాకుండా, చిన్నగా లాగింది.

వాడు తల తిప్పి నవ్వాడు.

అమ్మ తాడు వదిలి, నన్ను చూసి, "కట్టలన్నీ మళ్ళీ లోపలికి తెండి" అంది.

"ఇప్పుడేగా వేశాం."

"గాలిలో తేమ ఉంది. తెమ్మన్నానా?"

గాలిలో తేమేం లేదు. ఆరేసిన బట్టలు గంటలో అట్టల్లా అవుతున్నాయి. మరదలు నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. ఇద్దరం నోరు మూసుకుని మోశాం. అమ్మతో వాదించడం కంటే కట్టలు మోయడం తేలిక. ఆ పూట నేను చూసింది ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఇప్పటికీ అంటున్నాను. అర్థం చేసుకోబుద్ధి కాలేదేమో.

ఆ వారంలోనే టీకాలు వేసే నర్సమ్మ వచ్చింది. సూది వేసి, వాడి ఏడుపు ఆగాక, చీటీ మీద ఒక్కొక్కటే అడుగుతూ గీతలు పెట్టింది. బోర్లా పడుతున్నాడా, కూర్చుంటున్నాడా.

"చప్పుడుకి తిరుగుతున్నాడా?"

మరదలు నోరు తెరిచే లోపే అమ్మ అందుకుంది. "మా ఇంట్లో ఉన్నదే చప్పుడు, తిరక్కేం చేస్తాడు? చూడు." వాడిని ఊయల్లో వేసి, తను నాలుగడుగులు అవతలికి వెళ్ళి దూలం మీంచి ఒక కట్టని ఊడలాగింది. కాయలు గలగలమన్నాయి. బుడ్డోడు తిరిగాడు.

"బంగారుకొండ" అంది నర్సమ్మ గీత పెడుతూ. "అడిగానని ఏమీ అనుకోకండవ్వా. వినికిడిలో తేడా ఉంటే ఏడాది లోపే తెలియాలి. లేటయితే మాటలు రావు, అందుకని."

"మంచిది, అడగాలి" అంది అమ్మ. నర్సమ్మ వెళ్ళాక ఆ కట్టని తిరిగి ఎక్కిస్తుంటే అమ్మకి రెండుసార్లు ముడి జారింది. మరదలు పిల్లాడిని భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఎండ తగలని కాయలు లోపలి పచ్చి ఆరక మెత్తబడ్డాయి. కింద పొగ వేసినా కట్టల మధ్యలో తెల్లటి బూజు లేచింది. పాతికకి పది పనికొస్తే గొప్ప. బొమ్మల షాపాయన సరుకు తీసుకెళ్ళడానికి వచ్చి, ఒక గిలకని చెవి దగ్గర ఊపి, ఇంకోటి ఊపి, నెమ్మదిగా అన్నాడు. "ఏంటవ్వా, ఈ ఏడు గిలకలకి జలుబు చేసిందా? గొంతు బొంగురుపోయింది."

ఇంకో ఏడు అయితే ఆయన వెళ్ళేలోపు ఆయన గొంతు గురించి, తాతల గొంతు గురించి కూడా నాలుగు వినేవాడు. ఆ ఏడు అమ్మ, "బాగున్నవే తీసుకెళ్ళు నాయనా" అంది. ఆయనకి భయం వేసినట్టుంది, గేటు దగ్గర నన్ను ఆపి, "అవ్వకి ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

ఇంట్లో అందరూ ఏదోలా ఉన్నారు. తమ్ముడు డ్యూటీకి వెళ్తూ నా దగ్గర ఆగి నవ్వాడు. "మీ మరదలికి ఎండదెబ్బ తగిలినట్టుందక్కా. నిన్న నా చేత ఇత్తడి గిన్నె కింద పడేయించింది. చేతిలోంచి జారినట్టు కాదట, నడుము ఎత్తు నుంచి, తను చెప్పినప్పుడే పడేయాలట. ఎందుకే అంటే, సొట్ట ఎక్కడ పడుతుందో చూద్దామని అంది."

"పడిందా?"

"గిన్నెకి పడింది. తనేమో పిల్లాడికి పాలిస్తూ రాయిలా కూర్చుంది. మీ ఆడవాళ్ళ సంగతి ఆ దేవుడికే తెలియాలి."

నేనూ నవ్వాను.

తర్వాత రెండు రోజులకి అనుకుంటా, మధ్యాహ్నం మరదలు నన్ను పిలిచింది. ఊయల గుడ్డ ఒళ్ళో వేసుకుని, అంచు తిరగేసి ఏరుతోంది. పక్కన సిబ్బిలో అంటుకాయలు. గుప్పెడు కాదు, దోసెడు ఉన్నాయి.

"ఉతికి పొద మీద ఆరేశావా?" అన్నాను.

"తీగ మీదే ఆరేశా వదినా. ఇవి ఉతుకులో అంటినవి కావు. చూడండి." గుడ్డ చాచింది. వాడి వీపుకి తగలకుండా, బయటి అంచున, వేలెడు వేలెడు ఎడంలో, చుట్టూ వరసగా. కుట్టు వేసినంత నిదానంగా పెట్టిన చేయి. ఆ చేయి ఎవరిదో ఇద్దరికీ తెలుసు. గిలక పిడికి ఒక్కటి చాలు అనే మనిషి మనవడి ఊయలకి దోసెడు ఎందుకు పెట్టిందో మాత్రం మరదలు అడగలేదు. "తీసేయమంటారా, ఉంచమంటారా?" అంది.

"ఆగు" అని లేచాను.

అమ్మ పెరట్లో నీడన కూర్చుని బూజు కాయలు తుడుస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేనూ ఒక కాయ తీసుకుని తుడిచాను.

"ఏరేస్తోందా?" అంది అమ్మ తలెత్తకుండా.

"ఏమైందమ్మా?"

అమ్మ చేతిలో కాయ తిప్పుతూనే చెప్పింది. తనకి పని నేర్పిన ముసలావిడ మొదటిరోజే ఒక మాట చెప్పిందట. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే కాయ కుట్టకు, బిడ్డ భూమ్మీద పడేదాకా సూది దాచెయ్యి. కాయలోకి చప్పుడు ఊరికే రాదు, ఎక్కణ్ణించో రావాలి, దగ్గరలో ఎవరిది లేతగా ఉంటే వాళ్ళది లాక్కుంటుంది.

"నువ్వు పుట్టినప్పుడు దాచాను. నీ తమ్ముడప్పుడూ దాచాను. పోయిన ఏడు మాత్రం దాచలేదు. షాపాయన మూడు వందల గిలకలు కావాలన్నాడు. పాతకాలం మాటలు, ఈ రోజుల్లో ఎవరు నమ్ముతారులే అనుకున్నాను." కాయని చెవి దగ్గర ఊపింది. పలకలేదు. పక్కన పెట్టింది. "వాడు వినడు. దూలం కదిలితే ఊయల కదులుతుంది, దానికి తిరుగుతాడు. వాడి చెవుల్లోది తీసి ఊళ్ళో పిల్లలందరికీ పంచిపెట్టాను."

నేను చేతిలో కాయ కింద పెట్టాను. "నర్సమ్మకి చెప్పాల్సింది."

"నోరు రాలేదు. చేయి కట్ట మీదకి పోయింది."

"దానికి చెప్పాలమ్మా. వాడి తల్లి అది."

"నేనే చెప్తాను. నువ్వు చెప్పకు. నేను చేసిందాన్ని నేనే చెప్పాలి."

సరేనన్నాను. ఆ మాట పట్టుకుని తొమ్మిది రోజులు ఊరుకున్నాను. తొమ్మిది రోజులు పొద్దున్నే అమ్మ మొహం చూసేదాన్ని, ఇవాళ చెప్తుందని. అమ్మ కాయలు తుడిచేది. లోపల మరదలు ఏరేసిన అంటుకాయలు మర్నాటికి మళ్ళీ అంచున వరసగా ఉండేవి. అది మళ్ళీ ఏరేది. ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు, తిట్టుకోలేదు. వాడు మాత్రం మధ్యలో ఊగుతూ, తాడు ఎటు లాగితే అటు నవ్వుతూ ఉండేవాడు. నర్సమ్మ చెప్పిన ఏడాదిలో ఆ తొమ్మిది రోజులు నావి. ఆ లెక్క ఎవరికీ అప్పజెప్పలేను.

పదో రోజు మధ్యాహ్నం అమ్మ పొదల వైపు వెళ్ళింది. మరదలు వచ్చి, "వదినా, ఒక చెయ్యి వేయండి, ఊయల విప్పుదాం. తాడు అరిగింది" అంది.

తాడు చూశాను. పోయిన నెల తమ్ముడు తెచ్చిన కొత్త తాడు. స్టూలెక్కి ముడి విప్పాను. అది పిల్లాడిని ఎత్తుకెళ్ళి పెరట్లో చాప పరిచి, ఎండ తగలని చోట కూర్చోబెట్టింది. వాడి ముందు ఒక చెక్క గరిటె పడేసింది. కింద గట్టి మట్టినేల. చాప చుట్టూ ఏదీ దేనికీ కట్టిలేదు.

అమ్మ గంప దించుకుంటూ వచ్చి, చాపని చూసి ఆగిపోయింది.

"అత్తయ్యా" అంది మరదలు. "మూడు గిలకలూ తెచ్చి పెట్టాను. మీరు వాడి వెనక్కి వెళ్ళి ఊపండి. అందరి పిల్లలకీ చూసినట్టే చూడండి."

"ఇప్పుడెందుకమ్మా, ఎండ..."

"నేను ముందు కూర్చుంటాను. వాడి మొహం నేను చూస్తాను. మీరు ఊపితే చాలు."

అది వెళ్ళి వాడి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అమ్మ చెప్పులు విడిచింది. నేల అదరకుండా, నీడ ముందుకి పడకుండా పక్కగా నడిచి వాడి వెనక్కి చేరింది. ముప్పై ఏళ్ళ పనిలో ఆవిడ అంత జాగ్రత్తగా నడవడం నేను అంతకుముందు చూడలేదు. ముందు గిలిగిచ్చ ఊపింది. తర్వాత దిరిసెన. తర్వాత తురాయి, చేయి నొప్పి పుట్టేదాకా.

బుడ్డోడు గరిటెతో చాపని కొడుతున్నాడు. కొట్టి, తల్లి మొహం చూసి, మళ్ళీ కొడుతున్నాడు.

"వినలేదమ్మా వాడు" అంది అమ్మ.

"మూడూ ఊపారా?"

"మూడూ."

"సరే" అంది మరదలు. వాడి చొక్కా మీద ఎక్కడిదో ఒక అంటుకాయ ఉంటే తీసి, ఎటు పడేయాలో తెలియనట్టు చేతిలోనే ఉంచుకుంది. "నాకు తెలుసు అత్తయ్యా" అంది. "గిన్నె పడేయించిన రోజే తెలుసు. మొదటిసారి అదే జారి పడింది, వాడు ఉలిక్కిపడ్డాడు. నేను ఉలిక్కిపడ్డాను కాబట్టి వాడూ పడ్డాడేమోనని అనుమానం వచ్చింది. మర్నాడు పళ్ళు బిగించుకుని కదలకుండా కూర్చుని మళ్ళీ పడేయించాను. వాడు పాలు తాగుతూనే ఉన్నాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకే చెప్పలేదు?" అన్నాను. ఆ మాట అనే హక్కు నాకు లేదని అన్నాకే తెలిసింది.

"అత్తయ్య ఊపి, తిరిగాడు అంటారేమోనని చూస్తున్నాను. ఆవిడ అంటే నమ్మేద్దామనుకున్నాను."

అమ్మ అక్కడే, వాడి వెనకాలే కూర్చుని, ముసలావిడ చెప్పిన మాట, మూడు వందల గిలకలు, దాచని సూది, అన్నీ చెప్పేసింది. నాకు చెప్పినట్టు నిదానంగా కాదు. ముక్కలు ముక్కలుగా, ముందుది వెనక్కి, వెనకది ముందుకి. "నావల్లేనమ్మా. నువ్వు ఏమన్నా పడతాను" అంది ఆఖరుకి.

మరదలు చేతిలోని అంటుకాయని చాప మీద పెట్టింది.

"పోయిన ఏడు నేనూ కుట్టాను కదా అత్తయ్యా" అంది. "వద్దంటున్నా ఊరుకోబుద్ధి కాక కూర్చున్నాను. ఏడో నెల దాకా కుట్టాను. నూట ఇరవై. మీరే లెక్కపెట్టి మెచ్చుకున్నారు. పొట్టకి ఆనించుకుని కుట్టేదాన్ని, పిడి కదలకుండా ఉంటుందని. అయితే వాడి చెవులు నేనే తీసుకున్నానా?"

"ఛ, నీదెందుకవుతుందే? ఏం మాటలవి?"

"అయితే మీదెందుకవుతుంది?"

అమ్మ నోరు తెరిచింది. ఏదో ఒకటి చెప్పేదే ఎప్పుడూ. తనదే అనాలంటే తప్పు కోడలి మీద కూడా పెట్టాలి. కొంగుతో మొహం తుడుచుకుని, అక్కడే కూర్చుని, వాడి వీపు మీద అరచెయ్యి వేసింది. వాడు వెనక్కి తిరిగి నవ్వాడు.

"రేపు నర్సమ్మ దగ్గరికి వెళ్దాం" అంది మరదలు. "మీరూ రావాలి. మీరు చూసింది మీరే చెప్పాలి. గిలకలు కూడా తెండి."

వెళ్ళాం. అమ్మ తనే చెప్పింది, దూలం సంగతితో సహా. నర్సమ్మ కోప్పడలేదు, అదే అమ్మకి కష్టమైంది. పెద్దాసుపత్రికి రాసిచ్చింది. అక్కడ మూడుసార్లు తిప్పారు. చెవులు పూర్తిగా పోలేదనీ, అడుగున కాస్త మిగిలి ఉందనీ, మిషన్ పెట్టి చూద్దామనీ, పిల్లాడిని తొందరగానే తెచ్చారనీ చెప్పారు. తొందరగా అన్న మాటకి మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేదు. వాడి వినికిడి ఎందుకు పోయిందని అమ్మ డాక్టరుని అడిగింది. తెలియదన్నాడాయన. ఒక్కోసారి ఎవరికీ తెలియదన్నాడు. అమ్మ ఇంకోసారి అడిగి, అదే జవాబు విని, సంచి తీసుకుని లేచింది.

ఇంటికొచ్చాక కట్టలన్నీ పెరట్లో పడ్డాయి. ఎండలు ఇంకా ఇరవై రోజులు మిగిలాయి. బూజు పట్టినవి పోగా మిగిలినవి బాగానే పలికాయి. ఊయల మళ్ళీ దూలానికి కట్టలేదు. తమ్ముడు డిపోలో పాత ఇనుప గొట్టాలు అతికించి నేల మీద నిలబడేది చేసుకొచ్చాడు. దాని అంచున అంటుకాయలు లేవు. ఒక్కటి మాత్రం ఉంది, తల వైపు, ముడి కింద. అది అమ్మ పెట్టిందా, మరదలు వదిలేసిందా అని నేను అడగలేదు.

మొదటి వాన పడిన వారం మా వీధి టైలరమ్మ తన మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. ఐదో నెల పిల్ల, దుబ్బు జుట్టు. "దీని కాయేదో చూసి పెట్టవ్వా. మా ఇంట్లో పోరు పడలేకపోతున్నా" అంటూ ముందుగదిలో కూర్చుంది.

అమ్మ మూడు గిలకలూ ఒళ్ళో పెట్టుకుంది. వెంటనే లేవలేదు.

"మీ ఇంట్లో ఊయల పైన కట్టారా, నేల మీద పెట్టారా?" అని అడిగింది.

టైలరమ్మ నవ్వింది. "ఊయల ఎక్కడుంటే ఏంటవ్వా? ఇది చీమ నడిచినా వింటుంది."

"మాకూ అలాగే అనిపించింది" అంది అమ్మ. చెప్పులు విడిచి, పిల్ల వెనక్కి వెళ్ళింది.